వాచిన పాదములవాఁడు: ఈడిపసు గ్రంథిని గూర్చి

మనుష్యుని మనస్సు శైశవమునుండి యెట్లు పెరుగునో చెప్పఁబూనిన సిద్ధాంతములలో ఫ్రాయిడు పండితునిది మిక్కిలి పేరుపడినది. ఆ సిద్ధాంతమునకు నడిమి దూలమువంటి భావనకు నాతఁడు పెట్టిన పేరు వైద్యగ్రంథములనుండి రాలేదు; నాటకమునుండి వచ్చినది. క్రీస్తుపూర్వము అయిదవ శతాబ్దమున ఏథెన్సు నగరమందు సోఫొక్లీసు మహాకవి రచించిన 'ఈడిపసు రాజు' అను విషాదరూపకము దాని కాకరము. ఒక శాస్త్రము కావ్యమునొద్ద అప్పు చేసినపుడు, ఆ యప్పుపత్రమును విప్పి చూచు నధికారము సాహిత్యపరిశోధకునకుఁ గలదని నా తలంపు. రోగి యేమి చెప్పెనో, చికిత్స ఫలించెనో లేదో తేల్చుటకు వైద్యు లున్నారు. నాటకములో నేమి యున్నదో చెప్పుట మన పని. ఫ్రాయిడు నాటకమును సగము మాత్రమే వాడుకొనెననియు, విడిచిన సగమును ఆతని తరువాతివారు చాలకాలము శ్రమపడి మరలఁ దెచ్చుకొనవలసి వచ్చెననియు నీ వ్యాసమునఁ జూపఁ దలఁచితిని.

సిద్ధాంతమును ముందుగాఁ గొలఁది మాటలలోఁ జెప్పికొందము. శిశువు పుట్టినది మొదలు సుఖాపేక్ష గలదై యుండుననియు, ఆ సుఖమునకు మొదట నోరును, పిమ్మట మలవిసర్జనస్థానమును, మూఁడేండ్లు దాఁటినపిదప జననేంద్రియమును ఆశ్రయము లగుననియు, ఆఱేడేండ్ల ప్రాయమునుండి యౌవనారంభమువఱకు నా యపేక్ష యణఁగియుండి మరలఁ దలయెత్తుననియు నాతఁడు చెప్పెను. 1905లో వెలువడిన మూఁడు వ్యాసములలో నీ యూహ రూపుగొని, తరువాతి ముద్రణములలోఁ బెరిగినది. ఈ సోపానములలో మూఁడవదానియొద్ద మగశిశువు తల్లిని దనకే కోరును. తండ్రి తొలఁగిన బాగుండునని తలఁచును. తండ్రి తన యంగమును ఛేదించునను భయముచేత నా కోరికను లోలోపలికి నెట్టివేయును. అట్లు నెట్టినచోటనే విధినిషేధములఁ బలుకు నంతరధికారి యేర్పడును. ఇది సారము. ఆఁడుశిశువు సంగతి యాతనికిఁ దుదివఱకుఁ జిక్కుగానే యుండెను. 1925లోను 1931లోను సవరించియుఁ దృప్తిపడలేదు. 'ఈడిపసు గ్రంథి' యను మాట యాతని రచనలలో నచ్చుపడినది 1910లో. ఊహ పుట్టినది మాత్రము పదుమూఁడేండ్ల ముందు.

ఆ పుట్టుక చూడఁదగినది. 1896 ఏప్రిలులో ఫ్రాయిడు వియన్నా వైద్యులయెదుట నొక యుపన్యాసము చదివి, తనయొద్దకు వచ్చిన పదునెనిమిదిమంది రోగుల మనోవ్యాధికి మూలము బాల్యమున నితరులవలనఁ గలిగిన దేహాపచారమే యని వాదించెను. సభవా రాదరింపలేదు. ఆ యక్టోబరులో నాతని తండ్రి మరణించెను. మఱుసటి యేఁడు సెప్టెంబరు 21వ తేదీన బెర్లినులోని మిత్రుఁడు ఫ్లీసునకు వ్రాసిన లేఖలో నా సిద్ధాంతముపైఁ దనకు నమ్మకము పోయినదని తెలిపి, కారణములు వ్రాసెను. వానిలో నొకటి యిది: ఆ సిద్ధాంతము నిజమైనచోఁ బ్రతియింటను దండ్రిని, తన తండ్రినిగూడ విడువక, దోషిగా నెంచవలసివచ్చును. నాలుగు వారములు నిండకమునుపే, అక్టోబరు 15న, ఆ మిత్రునకే మఱియొక లేఖ. తల్లిపై మక్కువయుఁ దండ్రిపై నీర్ష్యయుఁ దనయందే కానవచ్చినవనియు, ఈడిపసు నాటకము ప్రేక్షకుని పట్టుకొనుటకుఁ గారణ మిదియే యనియు నందున్నది. ఈ లేఖలు 1950లోఁ గొన్నియు, 1985లో సమగ్రముగాను బ్రకటితములైనవి.

సెప్టెంబరులో బోనెక్కినవాఁడు తండ్రి; అక్టోబరులో బోనెక్కినవాఁడు బిడ్డ. ఫ్రాయిడు కపటి యని నే ననను. రోగులు చెప్పినదంతయు జరిగియే యుండునని నమ్ముటకు వైద్యునకుఁ జాలిన యాధారము లేదనుట న్యాయమే. అట్టి యపచారములు లోకమున జరుగునని యాతఁ డెన్నఁడును బూర్తిగాఁ గాదనలేదు. అయినను నాఁటినుండి, బిడ్డ మొఱపెట్టినపుడు 'ఏమి జరిగినది' యని యడుగుటకు మాఱుగా 'నీ వేమి కోరితివి' యని యడుగు నలవా టా శాస్త్రమున నాటుకొన్నది. ఆ యలవాటువలనఁ గష్టపడినవారు కథలలోని పాత్రలు కారు.

ఇఁక నాటకముమాట. 1899 నవంబరులో వెలువడి 1900 అని ముద్రితమైన స్వప్నగ్రంథమున ఫ్రాయిడు తన వాదమును సాహిత్యవిమర్శకునివలె నడపెను. విధికిని మానవసంకల్పమునకును గల పెనఁగులాటయే యీ నాటకమున మనల నలరించునని పూర్వులు చెప్పుదురు గదా. అట్లయినచో నాధునికులు రచించిన విధినాటకములు నట్లే యలరింపవలయును. గ్రిల్పార్సరు కవి 'పితామహి' వంటివి యలరింపలేదు. కావున ఈడిపసు కథావస్తువులోనే మనయందలి రహస్యమును దాఁకున దేదో యుండవలయును. అది తల్లిని గోరి తండ్రిని ద్వేషించు శైశవవాంఛ. ఇది యాతని యనుమానక్రమము. మన యాలంకారికుల మాటలలోఁ జెప్పవలెనన్న, ప్రేక్షకుని హృదయమున వాసనారూపమున నున్నదే రసముగా మేల్కొనుచున్నదని యాతని వాదము. అభినవగుప్తపాదులు వాసన లేనివానికి రసాస్వాదము లేదని చెప్పియున్నారు గనుక నీ పద్ధతి మనకుఁ గొత్తది కాదు. కాని, పద్ధతి మంచిదైనంతమాత్రమున ఫలము సరియైనదని యనరాదు. గ్రిల్పార్సరు నాటకము తేలిపోవుటకు రచనాదోషము చాలదా? సోఫొక్లీసు నాటకమున హృదయమును బట్టుకొనునది నేరము గాదు, నేరవిచారణము. నేరము తెఱ లేవకమునుపే జరిగిపోయినది. రాజు తానే న్యాయాధికారియై, సాక్షులను తానే పిలిపించి, వలదన్నవారిని గద్దించి, తుదకుఁ దన మెడకుఁ దానే యురి బిగించుకొనును. తన్నెఱుఁగుటయుఁ దలక్రిందగుటయు నొక్క క్షణముననే సంభవించుటవలన నిది శ్రేష్ఠమని అరిస్టాటిలు మెచ్చుకొన్నాఁడు. ఆ విచారణక్రమము తన చికిత్సాక్రమమును బోలియున్నదని ఫ్రాయిడే యొకమాట యని, దానిని విడిచి ముందునకుఁ బోయెను. ఆ మాటయొద్ద నిలిచియుండినచో విమర్శకుఁడుగా నాతని కింకను గొప్ప పేరు వచ్చియుండెడిది.

విచారణలో బయటఁబడిన సాక్ష్యమును మనమును వరుసగా వినుదము. థీబ్సు నగరమున మహామారి పుట్టినది. లేయసు రాజును జంపినవానిని వెళ్లఁగొట్టినఁగాని యది తగ్గదని డెల్ఫీ దైవవాక్యము. టిరీసియసు అను నంధప్రవక్త ఈడిపసునే హంతయని చెప్పఁగా, రాణి జొకాస్టా భర్తకు ధైర్యము చెప్పుటకై తన పూర్వకథ నెత్తును. పుట్టఁబోవు కొడుకుచేఁ దండ్రి చచ్చునని మున్నొక వాక్యము వచ్చినదనియు, బిడ్డ పుట్టి మూఁడు దినములైనఁ గాకమునుపే లేయసు వాని చీలమండలను గ్రుచ్చి కట్టి, పరులచేత దారిలేని కొండపైఁ బాఱవేయించెననియు, కావున దైవవాక్యము బొంకైనదనియు నామె వాదము. వినువాని కాళ్లకు మచ్చ లున్నవి. కొంతసేపటికిఁ గొరింతునుండి వచ్చిన దూత యా మచ్చలనే ప్రస్తావించి, గ్రుచ్చిన పాదములను విడిపించినవాఁడను నేనే యనును. అది చిరకాలపు బాధ యని ఈడిపసు నిట్టూర్చును. నీ పేరును దానివలననే వచ్చినదని దూత చెప్పును. గ్రీకుభాషలో 'ఈడిపస్' అనఁగా వాచిన పాదములవాఁడు. పాఠకులు క్షమింతురేని యీ యొక్క సంగతి రెండవమాఱు చెప్పెదను. పుత్రునికిఁ దండ్రిపైఁ గల ద్వేషమునకు గుఱుతుగా ఫ్రాయిడు స్వీకరించిన యీ పేరు, నాటకమునఁ దలిదండ్రులు పుత్రునకుఁ జేసిన గాయమునకు గుఱుతు.

'తలిదండ్రులు' అని బహువచనముఁ బ్రయోగించుటకుఁ గారణము గలదు. జొకాస్టా చెప్పినపుడు చేసినవాఁడు లేయసు. కాని, తుదిసాక్షియైన ముసలి మందకాపరిని నిర్బంధించి యడుగఁగా, బిడ్డను దనచేతి కిచ్చినది రాణియే యని వాఁడు చెప్పును. కన్నతల్లి యంతపని చేసెనా యని రాజు నివ్వెఱపడును. దుష్టవాక్యమునకు వెఱచి యని కాపరి ప్రత్యుత్తరము. రెండు సాక్ష్యములకు నీ యంతరము కవి పొరపాటు కానేరదు. ఆమె తన చేతిపనిని భర్తపై వేసి చెప్పినది. కథాసంగ్రహమున బిడ్డను బాఱవేసిన సంగతిని ఫ్రాయిడును జెప్పెను, చెప్పలేదనుట తగదు. అయితే తాళముచెవి తయారుచేయునపుడు దాని నుపయోగింపలేదు.

మూఁడుదారుల కూడలిలోని హత్యయు నట్టిదే. ఈడిపసు తానే చెప్పుచున్నాఁడు: రథమెక్కి వచ్చుచున్న వృద్ధుఁడును వాని మనుష్యుఁడును దన్ను బలవంతముగా దారినుండి త్రోయఁబోయిరి, తాను కోపించి త్రోసినవానిని గొట్టెను, వృద్ధుఁడు కాచియుండి ముల్లుగోలతో నడినెత్తిన మోదెను, అపుడు చంపెను. చంపుట ధర్మమని యెవరు నందురు? కాని మొదటి దెబ్బ యెవరిదో కవి జాగ్రత్తగా గుఱుతు పెట్టినాఁడు. సోఫొక్లీసు మరణానంతరము క్రీ. పూ. 401లోఁ బ్రదర్శితమైన 'కొలోనసునందు ఈడిపసు' అను నాటకమున నీ వాదమును వృద్ధుఁడైన ఈడిపసు మరల నెత్తును. నిన్నొకఁడు చంపవచ్చినపుడు నీవు నా తండ్రివా యని యడుగుదువా, దెబ్బకు దెబ్బ తీయుదువా యని క్రేయానును నిలవేసి, నా తండ్రి లేచివచ్చినను నా మాటను గాదనఁడని చెప్పును. ఆ నాటకముననే యాతఁడు తన కొడుకులు పరస్పరహస్తములఁ జచ్చునట్లు శపించును. కొడుకుగా దెబ్బతిన్నవాఁడు తండ్రియై దెబ్బకొట్టెను. స్వప్నగ్రంథములోని వాదమున నీ రెండవ నాటకమునకుఁ జోటు దొరకలేదు.

ఇంకొక చిక్కు. శైశవమున గ్రంథి యేర్పడునన్నచో, ఈడిపసు శైశవము గడచిన దెక్కడ? కొరింతులో, పోలిబసు మెరోపుల యింట. వాఁ డమ్మా నాయనా యని పిలిచినది వారిని. వారికిఁ దనవలనఁ గీడు మూడునను భయముచేతనే యాతఁ డా నగరము విడిచి పాఱిపోయెను. తండ్రియని నమ్మినవానియెడ ద్వేషలేశమును నాటకమునఁ గానము. ఫ్రెంచి విద్వాంసుఁడు వెర్నాను 1967లో నీ సంగతిని జెప్పినపుడు మనోవిశ్లేషకులు చాలమంది యిచ్చగింపలేదు గాని, పాఠ మాతనిప్రక్కనే యున్నది. తల్లితోఁ గూడినట్లు కలలు గనుట పలువురకుఁ గలదని జొకాస్టా యనుమాటను ఫ్రాయిడు గొప్ప సాక్ష్యముగాఁ బట్టుకొనెను. ఆమె యామాట యన్నది మెరోపును గూర్చి యాతనికిఁ గల భయమును దీర్చుటకు. అట్టి కలలను లెక్కసేయనివాఁడే సుఖముగా బ్రతుకునని యామె వెంటనే చేర్చిన మాటను మాత్రము శాస్త్రజ్ఞు లెవ్వరును జ్ఞాపకముంచుకొన్నట్లు లేదు.

నాటకమును విడిచి వైద్యశాలకుఁ బోయినను నిదే రీతి. 1909లో ఫ్రాయిడు ప్రకటించిన 'చిన్న హాన్సు' వృత్తాంత మీ గ్రంథికిఁ బసివానియందుఁ గనఁబడిన ప్రత్యక్షప్రమాణముగాఁ బ్రసిద్ధము. అయిదేండ్ల బాలునకు గుఱ్ఱము కఱచునని భయము పట్టి వీథికిఁ బోలేకపోయెను. చికిత్స చేసినవాఁడు బాలుని తండ్రి, సంగీతవిమర్శకుఁడు మాక్సు గ్రాఫు. ఫ్రాయిడు చికిత్సాకాలమున బాలుని నొక్కమాఱు మాత్రమే, 1908 మార్చి 30న, చూచెను. గుఱ్ఱ మనఁగాఁ దండ్రియనియు, తల్లిపైఁ గోరికవలనఁ దండ్రికి వెఱచుచున్నాఁడనియు నిర్ణయము. ఆ గ్రంథముననే యున్న యితరవిషయములను జూడుఁడు. మూఁడున్నరయేండ్లప్పుడు తల్లి, వైద్యునిఁ బిలిపించి యంగమును గోయింతునని వానిని బెదరించినది. చెల్లెలు పుట్టినపుడు కొంగ తెచ్చినదని బొంకిరి. బండిగుఱ్ఱము కూలి కాళ్లు కొట్టుకొనుటను వాఁడు కన్నులారఁ జూచెను. ఇంటినుండి పోయి మరలి రానని తల్లి యనుచుండెడిదనుట కాధారములు గలవనియు, భయమునకు మూల మా వియోగభీతియే యనియు 1973లో బౌల్బీ యను నాంగ్లవైద్యుఁడు చూపెను. తల్లి యంతకుమునుపు ఫ్రాయిడునొద్దనే చికిత్స పొందినది. అనఁగాఁ బసివాని మనస్సును విప్పఁగూర్చున్నవా రందఱును వాని పెద్దలే. తీర్పు వారిది, నేరము వానిది. హాన్సు పెరిగి పెద్దవాఁడై హెర్బర్టు గ్రాఫు అను పేరుతో సంగీతనాటకప్రయోక్తయై న్యూయార్కు మెట్రొపాలిటను నాటకశాలలోఁ గీర్తి గడించెను. 1922లో నాతఁడు ఫ్రాయిడును జూడఁబోయినపుడు, ఆ వృత్తాంతములో నొక్కటియుఁ దనకు జ్ఞాపకము లేదని చెప్పెనఁట.

ఫ్రాయిడుపక్షమునఁ జెప్పఁదగినది కొంత గలదు. ఆ స్వప్నగ్రంథముననే క్రోనసు తన బిడ్డలను మ్రింగుటను బ్రస్తావించి, పూర్వకాలపు టిండ్లలోఁ దండ్రి యధికార మెంత నిరంకుశమైయుండెనో యాతఁడు చెప్పియున్నాఁడు. పసిమనస్సునఁ గామక్రోధములు లేవని నమ్మిన లోకమునకు, శిశువును గాఢభావములు గల ప్రాణియని నేర్పినవాఁ డాతఁడే. ఆ మేలు చిన్నది కాదు. నా యభియోగ మెల్ల నొక్క దిక్కునకే చూచు చూపుమీఁద.

ఆ చూపును మొట్టమొదట సందేహించినవారిలో మన దేశస్థుఁ డొకఁ డుండుట గర్వింపఁదగినది. కలకత్తా వైద్యుఁడు గిరీంద్రశేఖర బోసు (1887–1953) ఐరోపాకుఁ బోకయే యీ శాస్త్రమును గ్రంథములవలన గ్రహించి, 1922లో భారతీయ మనోవిశ్లేషణసంఘమును స్థాపించెను. 1921 మొదలు 1937 వఱకు ఫ్రాయిడునకును నాతనికిని నుత్తరప్రత్యుత్తరములు జరిగినవి. 1929లోఁ దన వ్యాసములను బంపుచు బోసు తన భేదాభిప్రాయమును దాఁపలేదు. అంగచ్ఛేదభయము తన భారతీయరోగులయందు ఐరోపీయులయందువలెఁ గానరాదనియు, స్త్రీ కావలెనను కోరిక వీరియందు సులభముగా బయటఁబడుననియు, గ్రంథి విడిపోవుట భయపడి లొంగుటవలనఁ గాక, తండ్రిస్థానమును దాను గైకొనఁగలుగుటవలన ననియు నాతని మతము. ప్రతికోరికతోడను దద్విరుద్ధమగు కోరికయుఁ బుట్టునని యాతని మూలసూత్రము. కొట్టవలెననుకొను బిడ్డకుఁ గొట్టించుకొనవలెననియు నుండును. ఫ్రాయిడు మర్యాదగాఁ బ్రత్యుత్తర మిచ్చి, ఆ భేదము తన్నాశ్చర్యపఱచినదని వ్రాసెను; సిద్ధాంతమును మాత్రము కదల్పలేదు. 1931లో నాతని డెబ్బదియైదవ జన్మదినమునకుఁ గలకత్తానుండి పంపిన దంతపు విష్ణువిగ్రహము నేఁటికిని లండనులోని ఫ్రాయిడు గృహమునఁ గలదు. విగ్రహమునకు దొరకిన చోటు వాదమునకు దొరకలేదు.

బోసు రోగులయందుఁ జూచినదానిని ఏ. కె. రామానుజను (1929–1993) కథలయందుఁ జూచెను. 1983లోఁ బ్రకటితమైన 'భారతీయ ఈడిపసు' వ్యాసమున నాతఁడు, మన కథలలో బాణము సాధారణముగాఁ గొడుకునుండి తండ్రివైపు గాక తండ్రినుండి కొడుకువైపు పోవుననియు, తల్లి కొడుకులకథ యున్నచోటఁ దల్లియే కథానాయిక యనియుఁ జూపెను. ఉత్తరకర్ణాటకమున స్త్రీలు చెప్పికొను నొక కథలో, తన కొడుకునే పెండ్లాడునని తలవ్రాత గల యొక కన్య, బిడ్డ పుట్టఁగానే తన చీరలోఁ జుట్టి యేట విడుచును; ఏండ్లు గడచినపిదప భర్త యింట నా చీరను జూచి సత్యము నెఱిఁగి ప్రాణము తీసికొనును. ఇందుఁ గుందునది తల్లి. కొడుకు కథకు సాధనమాత్రుఁడు. పురాణములలోఁ గొడుకు తల నఱికిన శివుఁడును, కొడుకు యౌవనమును గొన్న యయాతియు నందఱెఱిఁగినవారే. మాఱుదిక్కునఁ గనఁబడు ముఖ్యోదాహరణము బభ్రువాహనుఁడు. తిక్కన యాశ్వమేధపర్వమునఁ జదివినవారికి జ్ఞాపకముండును: కానుకలు గొని వినయముతో నెదురువచ్చిన కొడుకును, యుద్ధము చేయని పిఱికివాఁడని తండ్రియే నిందించినందునఁ గదా వాఁడు విల్లెత్తినది.

వీని కన్నిటికిని మించినది శునశ్శేపుని కథ. ఐతరేయబ్రాహ్మణము సప్తమపంచికలోనిది. హరిశ్చంద్రుఁడు పుట్టఁబోవు కొడుకును వరుణునకు బలియిత్తునని మ్రొక్కి కొడుకును బడసెను. కొడుకు రోహితుఁడు పెరిగి యడవికిఁ బాఱిపోయి, తనకు మాఱుగా అజీగర్తుని నడిమికొడుకు శునశ్శేపుని నూఱావుల కిచ్చి కొనెను. పెద్దవానిని దండ్రి విడువనన్నాఁడు, పిన్నవానిని దల్లి విడువనన్నది. యూపమునకుఁ గట్టుట కెవరును ముందునకు రాకపోఁగా, మఱి నూఱావులిచ్చినఁ దానే కట్టుదునని తండ్రి. నఱకుటకు నింకొక నూఱు. మొత్తము మున్నూఱావులు. దేవతలను బ్రార్థించి విడివడిన బాలుఁడు, రమ్మని పిలిచిన తండ్రియొద్దకుఁ బోనొల్లక విశ్వామిత్రుని యొడిఁ గూర్చుండెను. వానిని జ్యేష్ఠునిగా నంగీకరింపని తన కొడుకులు ఏఁబదిమందిని విశ్వామిత్రుఁడు ప్రత్యంతదేశములవారు గండని శపించెను. వారివలనఁ బుట్టిన జాతులలో ఆంధ్రు లొకరని యా బ్రాహ్మణము చెప్పుచున్నది. మన జాతినామమునకుఁ బ్రాచీనప్రమాణముగా చరిత్రకారులు చూపు వాక్య మిదియే. బిడ్డ నమ్ముకొన్న తండ్రికథతో మొదలై బిడ్డలను శపించిన తండ్రికథతో ముగియు నాఖ్యానమున మన పేరు దొరకుట విచిత్రమే.

మేనమామయే శాసకుఁడైన ట్రోబ్రియాండు ద్వీపములలోఁ గ్రంథి తండ్రినిఁ బట్టి పోదని 1927లో మాలినౌస్కి వ్రాసిన గ్రంథమును, దానిపై జోన్సు చేసిన యాక్షేపణమును బ్రసిద్ధములు గాన నిచట విస్తరింపను.

ఐరోపాలో విడిచిన సగము తిరిగి వచ్చిన విధము మాత్రము చెప్పఁదగినది. ఫ్రాయిడునకుఁ బ్రియశిష్యుఁడైన ఫెరెంజీ, 1932 సెప్టెంబరులో వీస్బాడెను మహాసభయందు, బిడ్డ కోరునది లాలన యనియు, పెద్దవాఁడు దానికిఁ దన కామభాషలో నర్థము చెప్పికొని యపచారము చేయుననియు, 1896నాఁటి మాటకే మరలిన యుపన్యాసము చదివెను. ప్రకటింపవలదని గురువు కోరియుండెను. మఱుసటి మే నెలలో ఫెరెంజీ మరణించెను; ఆ వ్యాసము ఇంగ్లీషున 1949దాఁక వెలువడలేదు. లండనులో బౌల్బీ శిక్షణ పొందుచు 1938లో నొక మూఁడేండ్ల బాలునకుఁ జికిత్స చేయఁగా, పర్యవేక్షకురాలగు మెలనీ క్లైను, శిశువు మనస్సులోని కల్పనలే ముఖ్యములని, బాలుని తల్లితో మాటలాడుటకే యనుమతింపలేదు. ఆ యనుభవము నాతఁడు మఱవలేదు. 1944లో నలువదినలుగురు దొంగపిల్లల వృత్తాంతములు ప్రకటించి, వారిలో మమత యెఱుఁగనివారని తేలిన పదునలుగురిలోఁ బండ్రెండుగురు పసితనమునఁ దల్లికిఁ జిరకాలము దూరమైనవారని చూపెను. 1951లో ప్రపంచారోగ్యసంస్థకై యాతఁడు వ్రాసిన నివేదికయు, ఆసుపత్రిలో నొంటరిగా విడువఁబడిన రెండేండ్ల బాలికపై సహచరుఁడు రాబర్ట్‌సను 1952లోఁ దీసిన చలనచిత్రమును గలిసి, రోగశిశువులయొద్దఁ దల్లి యుండనిచ్చునట్లు ఇంగ్లాండు ఆసుపత్రుల నియమములు మాఱుటకుఁ దోడ్పడినవి. శిశువు ననఁగా శిశువును దానిని జూచుకొనువారును గలిసిన జంట యని విన్నికాటు చెప్పినదియు నీ మార్గమే. 1950లో నెనిమిది దశలుగా మానవజీవితమును విభజించిన ఎరిక్సను, మొదటి దశలోనే బిడ్డ కోరికకుఁ గాక, లోకముపై బిడ్డకుఁ గలుగు నమ్మికకుఁ బ్రాధాన్య మిచ్చెను. ఆతఁడు కన్నతండ్రి నెఱుఁగక పెరిగినవాఁ డగుట యిచట స్మరణీయము.

తెనుఁగు విమర్శయం దీ గ్రంథి ప్రవేశించి చాలకాలమైనది. తల్లిపై ప్రేమ గల నాయకుఁడు కనఁబడినఁ జాలు, ఈడిపసు చీటి యంటించి పని ముగించు పరిశోధనవ్యాసముల నేను పరీక్షకుఁడనుగాఁ జదివితిని. ఒకదానిలో నాటకకర్త పేరే లేదు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' (1946–47లో నవోదయపత్రికయందు వెలువడినది) యిట్టి చీటికిఁ దఱచుగాఁ జిక్కినది. దయానిధి స్త్రీలయెడ నిలుకడ లేనివాఁ డగుటకు మాతృరతియే కారణమని తేల్చుదురు. ఆ నవలలో దయానిధిని వెంటాడున దేది? తల్లి నడవడిని గూర్చి లోక మాడుకొను మాటలు. ఆతఁ డేమి కోరెనో లోక మడుగదు. తల్లి యేమి చేసెనో గుర్తుచేయును. వివాహమునఁ, జుట్టఱికమున, వైద్యవృత్తిలో నా నీలి యాతనికంటె ముందుగా వచ్చి వాకిట నిలుచును. పెద్దల యుదంతమును మోయుచుఁ గుంటుచు నడచువాఁ డాతఁడు. ఈడిపసు పే రాతనికి నిజముగా నొప్పును, ఫ్రాయిడు చెప్పిన యర్థమునఁ గాక, గ్రీకుభాషలోని యర్థమున. బుచ్చిబాబు పాశ్చాత్యమనశ్శాస్త్రము నెఱిఁగినవాఁ డగుటచేతఁ జీటి యంటించుట కవకాశము కలిగినది గాని, ఆతఁడు వ్రాసినది నవల.

విచారణలోని తుదిసాక్షిని గూర్చి యొకమాట మిగిలియున్నది. రాణి చంపుమని యిచ్చిన బిడ్డను నీ వేల కొరింతువాని కిచ్చితివని రాజడుగఁగా, జాలిచేత నని మందకాపరి చెప్పును. వాఁడు దూరదేశమునకుఁ గొనిపోవునని తలఁచితి ననును. ఆ జాలి లేకున్న నాటకమే లేదు. కొండమీఁద నొక కాపరి బిడ్డ నిచ్చెను, మఱియొక కాపరి యా పాదములను విడిపించెను, సంతానములేని రాజు తన బిడ్డగాఁ బెంచెను. కనినవారు పాఱవేసిన శిశువు బ్రతికి బట్టకట్టుటకుఁ గారణమైన యీ ముగ్గురికి గ్రంథిసిద్ధాంతమున స్థానము లేదు. కాపరి కిద్దఱికిని సోఫొక్లీసు నాటకమునఁ బేరులును లేవు.